గడప దాకా వచ్చే మనిషి కావాలి

(తృతీయ బి.ఎస్సీ., వృక్షశాస్త్ర విద్యార్థిని)

"నేటి విద్యార్థులే రేపటి పౌరులు" అనే మాట ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటూనే ఉంటాం. చప్పట్లు కూడా కొడతాం. కానీ నేడు విద్యార్థిగా ఉండి రేపటికి విద్యార్థి కాకుండా పోయినవాడి సంగతేమిటి? పరీక్ష తప్పి, పెట్టె సర్దుకొని, బస్సెక్కి ఇంటికి పోయినవాడి పేరు హాజరు పట్టీలోంచి కొట్టేశాక, అతడి గురించి అడిగేదెవరు? ఈ ప్రశ్న రెండేళ్ళుగా నన్ను వేధిస్తున్నది. కారణం దాచుకోను. అలా బస్సెక్కి ఇంటికి వచ్చినవాడు మా తమ్ముడే. ఈ వ్యాసం రాస్తానని వాణ్ణి అడిగాను. "పేరు వెయ్యకుండా రాసుకో అక్కా" అన్నాడు. కనుక పేరు వెయ్యకుండానే రాస్తున్నాను.

మాది పల్నాడు. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిరప వేస్తాం, కొంత పత్తి వేస్తాం. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడ్డ సంగతి మా వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పూత పూతంతా రాలిపోయింది. ఆ అప్పు తీరకముందే 2022 జూన్‌లో తమ్ముణ్ణి పట్నంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎం.పి.సి.లో చేర్చారు. నేను సర్కారు జూనియర్ కాలేజీలో చదివాను. వాడు మగపిల్లాడు గదా, వాడికి ఫీజు కట్టాలి! ఆ ఫీజు కోసం అప్పు మీద అప్పు. రెండేళ్ళు గడిచాయి. 2024 ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. వాడు లెక్కల్లోనూ, ఫిజిక్సులోనూ తప్పాడు.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. అసలు వాడితో మాట్లాడటమే మానేశాడు. అది కొట్టడం కన్నా ఎక్కువైంది. అమ్మ అన్నం పళ్ళెం తీసుకుపోయి గొడ్ల చావిట్లో మంచం పక్కన పెట్టి వచ్చేది. వాడు పగలంతా అక్కడే పడుకునేవాడు. రాత్రిపూట లేచి తిరిగేవాడు. సప్లిమెంటరీకి ఫీజు కట్టామన్న మాటే గాని పరీక్షకు పోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఆడపిల్ల డిగ్రీ చదువుతుంటే వీడేంది ఇట్టా అయ్యాడు?" అని వాడి చెవినబడేట్టే అనేవాళ్ళు. అంటే నా చదువు కూడా వాడి నెత్తిన ఒక రాయి అయిందన్నమాట.

ఇక నేనేం చేశాను? సైన్సు విద్యార్థిని గదా, ఉపన్యాసాలు చేశాను! ప్రతి ఆదివారం హాస్టల్ నుంచి ఫోను చేసి "లేరా, పోయిందేముంది, మళ్ళీ రాయి, ఎంతమంది తప్పి పాసు కాలేదు" అని చెప్పేదాన్ని. వాడు "సరే అక్కా" అని పెట్టేసేవాడు. కొన్నాళ్ళకు ఆ "సరే" కూడా ఆగిపోయింది. ఒక రాత్రి భయం వేసి 14416కి ఫోను చేశాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరది. పైసా ఖర్చు లేదు. పగలైనా రాత్రైనా మన భాషలోనే మాట్లాడవచ్చు. అవతలామె ఎంతో ఓపికగా విన్నది. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఇది చదివే వారిలో ఎవరికైనా అవసరం పడితే మొహమాటపడకుండా ఆ నంబరుకు చేయండి. కానీ ఆమె "మీ తమ్ముడితో ఒకసారి మాట్లాడించగలరా?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఫోనే పట్టుకోని వాడితో ఫోనులో ఎవరు మాత్రం మాట్లాడగలరు?

మంగళవారం మనిషి

మా ఊళ్ళో ఆశా కార్యకర్త ఒకామె ఉన్నది. వరస కలుపుకొని పిన్నీ అంటాం. అమ్మకు బి.పి. బిళ్ళలు ఇవ్వడానికి వచ్చేది. ఒక మంగళవారం నాడు వచ్చి, "వాడేడి?" అని అడిగి, అమ్మ జవాబు చెప్పేలోగా చావిట్లోకి పోయింది. చదువు మాట ఎత్తలేదు. పరీక్ష మాట ఎత్తలేదు. "ఈ దూడ ఎప్పుడు పుట్టిందిరా? పాలు సరిగా తాగుతుందా?" అని అడిగి, అరగంట కూర్చొని పోయింది. మళ్ళీ మంగళవారం వచ్చింది. ఆ పై మంగళవారం కాలువ గట్టు దాకా నడుద్దాం రమ్మన్నది. అయిదో వారమో ఆరో వారమో వాడు నోరు విప్పాడు: "నాన్న నా మొహం చూడటంలా పిన్నీ."

ఆమె తిన్నగా చేలోకి పోయి, గట్టు మీద నాన్నను కూర్చోబెట్టి చెప్పింది: "బావా, వాడు పరీక్ష తప్పినందుకు పడుకోలా. నువ్వు మాట్లాడనందుకు పడుకున్నాడు. రెండు నెలలు మార్కుల ఊసెత్తబాక. పొద్దున చేనికి పోయేటప్పుడు 'వస్తావంట్రా?' అని ఒక్క మాట అడుగు. రాకపోతే నీ దారిన నువ్వు పో." నాన్న అలాగే అడిగాడు. మొదటి రోజు రాలేదు. రెండో రోజు రాలేదు. నాలుగో రోజు వాడు చెప్పులేసుకున్నాడు. అమ్మ ఆ సంగతి ఫోనులో చెప్తూ ఏడ్చింది.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అవుతుంది. కానీ జరిగింది అంతే కాదు. పిన్ని మంచి మనసుతోనే, వాడి గురించి దిగులుపడుతూ, పక్కింటామెతో రెండు మాటలు చెప్పింది. ఆ మాట వారం తిరక్కుండా టీ కొట్టు దాకా పోయింది. "ఏరా, మీ నాయన మొహం చూశాడా?" అని ఒకడు నవ్వాడు. వాడు మళ్ళీ చావిట్లోకి పోయి పడుకున్నాడు. ఇంకో నెల పోయింది. తరువాత పిన్ని వచ్చి తప్పు ఒప్పుకున్నది, వాడూ మెత్తబడ్డాడు. అప్పుడు ఆమెకేదో సర్వే పని పడి మూడు మంగళవారాలు రాలేదు. వాడు మాత్రం మంగళవారం మంగళవారం తలకు పోసుకొని అరుగు మీద కూర్చొని ఎదురుచూశాడట. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

పిన్నిని తప్పుపట్టడానికి ఇది రాయలేదు. ఆమె లేకపోతే మా ఇల్లు ఏమయ్యేదో! నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆమె చేసినది ఒక పని. ఎంతో నైపుణ్యం కావలసిన పని. కానీ ఆ పనికి ఆమెకు ఎవరూ తర్ఫీదు ఇవ్వలేదు, జీతం ఇవ్వలేదు, వేళ ఇవ్వలేదు. ఎవరింటి రహస్యం ఎక్కడ ఆపాలో చెప్పినవారు లేరు. తాను రాలేని నాడు ఎవరిని పంపాలో ఏర్పాటు లేదు. వాడికి డాక్టరు అవసరమా కాదా అన్నది ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. అదృష్టం బాగుండి గండం గడిచింది. అదృష్టాన్ని నమ్ముకొని ఉండటం వైద్యమూ కాదు, వ్యవసాయమూ కాదు.

ఇది ఉద్యోగమా?

అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఈ పనికి ఒక పేరుంది: థెరప్యూటిక్ మెంటర్. మనం తోడు మనిషి అనుకుందాం. అక్కడా ఇది దయాదాక్షిణ్యాల వల్ల వచ్చినది కాదు. మానసిక సమస్యలున్న పేద పిల్లలకు ఇంటి దగ్గర అందవలసిన సహాయం అందడంలేదని కొందరు పిల్లల తరఫున 2001లో కోర్టులో దావా వేశారు. 2006లో పిల్లల పక్షాన తీర్పు వచ్చింది. ఆ తీర్పు ఫలితంగా 2009 నుంచి పేదల ప్రభుత్వ వైద్య పథకం కింద ఇంటి దగ్గరా, ఊళ్ళోనూ అందించే కొన్ని సేవలు ఏర్పడ్డాయి. అందులో తోడు మనిషి ఒకటి. 21 ఏళ్ళు నిండే దాకా ఆ పథకంలోని పిల్లలకు, అవసరమైతే, అది హక్కు.

ఆ మనిషి డాక్టరు కాదు. వైద్యం చెయ్యడు. చికిత్స చేసే నిపుణుడు ఆ పిల్లవాడికి కావలసినదేమిటో ఒక ప్రణాళిక రాస్తాడు. నలుగురిలో మాట్లాడటం, కోపం వచ్చినప్పుడు తమాయించుకోవటం, సాయం కావాలని నోరు తెరిచి అడగటం, ఇలాంటివి. తోడు మనిషి ఆ పిల్లవాడి ఇంటికి వస్తాడు, వాడితో ఆటస్థలానికి పోతాడు, లైబ్రరీకి పోతాడు, బస్సు ఎక్కుతాడు. ఆస్పత్రి గదిలో చెప్పిన మాట బయటి బతుకులో పనికొచ్చేట్టు వాడి చేత సాధన చేయిస్తాడు. ఇంట్లో వాళ్ళకు జరుగుతున్నది తెలిసేట్టు చూస్తాడు. అతడి పైన అతణ్ణి చూసుకునే అనుభవజ్ఞుడు ఒకరుంటారు. అంటే మా పిన్ని దూడ దగ్గరా, కాలువ గట్టునా చేసిన పనే అది. తేడా అల్లా, అక్కడ దాని వెనక తర్ఫీదు, జీతం, పర్యవేక్షణ ఉన్నాయి.

"అమెరికా సంగతి మనకెందుకు, వాళ్ళకు డబ్బుంది" అని మీరనవచ్చు. సరే, మనకన్నా బీదదేశం సంగతి చెప్తాను.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం. మొత్తం దేశానికి మానసిక వైద్యులు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. డిక్సన్ చిబాండా అనే వైద్యుడి దగ్గర చికిత్స పొందిన ఒక అమ్మాయి, ఆస్పత్రికి రావడానికి బస్సు చార్జీలు లేక రాలేకపోయి, చివరికి ప్రాణం తీసుకుంది. రోగి నా దగ్గరికి రాలేకపోతే నేనే రోగి దగ్గరికి పోవాలి గదా అని ఆ వైద్యుడు ఆలోచించాడు. 2006లో హరారే నగరంలో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెట్ల కింద చెక్క బెంచీలు వేయించి, అక్కడ పనిచేసే పెద్ద వయసు ఆరోగ్య కార్యకర్తలకు, అంటే అమ్మమ్మల వంటి వాళ్ళకు, తర్ఫీదు ఇచ్చాడు. వాళ్ళు మాట్లాడే పద్ధతి చాలా సులువు. నీకున్న కష్టాలన్నీ చెప్పు. అందులో ముందు పట్టుకోగలిగినది ఒకటి ఎంచుకో. దానికి వచ్చే వారం లోపల ఏం చేయగలవో నువ్వే చెప్పు. అంతే! దిగులుకు వాళ్ళ షోనా భాషలో వాడే మాటకు అర్థం "మరీ ఎక్కువగా ఆలోచించటం". మనమూ "ఆలోచన ఎక్కువైంది" అనే గదా అంటాం!

అది పనిచేసిందా? 24 ఆరోగ్య కేంద్రాలలో, 573 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో ప్రచురించారు. ఆరు నెలల తరువాత చూస్తే, మామూలు పద్ధతిలో వైద్యం పొందిన వారిలో సగం మందికి దిగులు లక్షణాలు అలాగే ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్న వారిలో అవి 14 శాతం మందికే మిగిలాయి.

మన దేశంలోనూ ఉంది. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, వైద్యులు కాని మామూలు మనుషులకు తర్ఫీదు ఇచ్చి, తీవ్రమైన దిగులుతో ఉన్న వారి దగ్గర ఆరు నుంచి ఎనిమిది విడతలు కూర్చోబెట్టారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మూడు నెలలకు వారిలో 64 శాతం మంది తేరుకున్నారు. ఆ తోడు లేనివారిలో తేరుకున్నది 39 శాతం. వాళ్ళు చేయించిందేమిటయ్యా అంటే, మానేసిన చిన్న చిన్న పనుల్ని ఒక్కొక్కటీ మళ్ళీ మొదలుపెట్టించడం. మా నాన్న "వస్తావంట్రా?" అని అడిగిన మాట గుర్తుకు రావటం లేదూ?

ఇవి రెండూ పెద్దవాళ్ళ సంగతులు. పిల్లల సంగతి బీహారులో చూశారు. నలంద జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్ళను తీసుకొని, కొన్నింటిలో ఇదే పనికి బయటి నుంచి తర్ఫీదు పొందిన ఒక మామూలు మనిషిని పెట్టారు. కొన్నింటిలో అదే పని అక్కడి ఉపాధ్యాయుడికే అప్పగించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ప్రత్యేకంగా మనిషిని పెట్టిన స్కూళ్ళలో పిల్లల దిగులు, ఒకరినొకరు ఏడిపించటం, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయుడికి అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. మా గురువులు కోప్పడకుందురు గాక! ఇందులో ఉపాధ్యాయుల తప్పేమీ లేదని నా ఉద్దేశ్యం. పాఠం చెప్పాలి, మార్కులు వెయ్యాలి, పైగా మనసు విప్పించాలి అంటే ఎవరికైనా కష్టమే. మార్కులు వేసే చేతికి మనసు అప్పగించటం విద్యార్థికీ కష్టమే.

మనకు చట్టాలు లేవా?

ఉన్నాయి. కావలసినన్ని ఉన్నాయి! జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో వచ్చింది. 2017 చట్టం మానసిక వైద్యం పొందటం ప్రతి పౌరుడి హక్కు అన్నది. అయినా 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వే చెప్పినదేమిటంటే, రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా ఏ చికిత్సా అందనివారే.

విశాఖపట్నంలో పోటీ పరీక్షకు తయారవుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశం మొత్తానికీ మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. నూరుమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సిలర్ ఒకరైనా ఉండాలన్నది. మంచిదే, ఎంతో మంచిది. మన సంఘం కూడా దీన్ని అమలు చేయించుకోవాలి. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. కౌన్సిలర్ కాలేజీలో కూర్చుంటాడు. తప్పినవాడు కాలేజీలో ఉండడు గదా! 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలు వచ్చేది కాలేజీలకు సెలవులిచ్చాక. ఆ వేళకు ఆ పిల్లలు ఉండేది ఎక్కడ? ఇళ్ళలో. వాళ్ళ దగ్గరికి పోగలిగినవాడు గడప దాకా వచ్చేవాడే తప్ప, గదిలో కుర్చీ వేసుకొని కూర్చున్నవాడు కాదు.

ఇంకో సంగతి. కుర్రవాణ్ణి ఒక్కణ్ణే గదిలో కూర్చోబెట్టి మాట్లాడి పంపిస్తే, వాడు మళ్ళీ అదే ఇంటికి పోతాడు. అదే మౌనం, అదే అప్పు, అవే చుట్టాల మాటలు. మిరప ఆకు ముడుచుకుంటే ఆకుదే తప్పని ఏ రైతూ అనుకోడు. ఆకు వెనక ఏముందో తిప్పి చూస్తాడు. పిల్లవాడి విషయంలో మాత్రం ఆకునే తిడతాం.

కొందరి ఆక్షేపణలు

హాస్టల్లో ఈ విషయం మాట్లాడితే స్నేహితులు మూడు అభ్యంతరాలు చెప్పారు.

మొదటిది: "పూర్వం ఇంట్లో తాతలు, ఊళ్ళో పెద్దమనుషులు ఈ పని చెయ్యలేదా? దీనికి ఉద్యోగం కూడానా?" చేశారు, కాదనను. కానీ పెద్దమనిషి ముందు చూసేది ఇంటి పరువు. తరువాత కులం మాట. పిల్లవాడి మనసు చివర వస్తుంది. ఆడపిల్ల అయితే అదీ రాదు. "పెళ్ళి చేసెయ్యండి, అదే సర్దుకుంటుంది" అని తేల్చేస్తారు. పైగా పరువు కోసమే గదా నాన్న ఆరు నెలలు మాట్లాడకుండా ఉన్నది! పరువు వల్ల వచ్చిన జబ్బుకి పరువును కాపాడేవాడు మందు ఎట్లా ఇస్తాడు?

రెండోది: "చదువురాని వైద్యం ప్రమాదం గదా?" నిజమే, ఇది సరైన ప్రశ్న. మా వైపు రైతులు మిరపలో పై ముడత వేరు, కింది ముడత వేరు అంటారు. ఆకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి. తేడా తెలియక ఒకదాని మందు ఇంకోదానికి కొడితే డబ్బూ పోతుంది, తోటా పోతుంది. తోడు మనిషి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. ఏది కూర్చొని వింటే తగ్గే దిగులు, ఏది వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవలసిన జబ్బు. ప్రాణం మీదికి తెచ్చుకుంటానన్న మాట వినబడితే ఒక్క గంట కూడా తన దగ్గర ఉంచుకోకూడదు. అందుకే తర్ఫీదు కావాలి, పైన చూసుకునే నిపుణుడు కావాలి అంటున్నాను. మంచి మనసు చాలు అని నేను అనటంలేదు. మంచి మనసు చాలదని మా తమ్ముడు టీ కొట్టు దగ్గర నేర్చుకున్నాడు.

మూడోది: "ప్రభుత్వానికి డబ్బెక్కడిది? ఉన్న ఆశా కార్యకర్తల చేతనే చేయించవచ్చు గదా?" ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట. వెయ్యిమంది జనాభాకు ఒక ఆశా. గర్భిణుల దగ్గర నుంచి బి.పి. బిళ్ళల దాకా అన్నీ ఆమే చూడాలి. పైగా ఆమెను ఉద్యోగి అనరు, ఇచ్చేదాన్ని జీతం అనరు. ఆమె నెత్తిన ఇంకో బుట్ట పెట్టి దానికి సేవ అని పేరు పెట్టటం న్యాయం కాదు. మన దేశంలో ఆడవాళ్ళు చేసే పనికి డబ్బివ్వవలసి వచ్చినప్పుడల్లా దాన్ని సేవ అంటాం! ఊరికొకరు అక్కరలేదు. నాలుగైదు ఊళ్ళకు కలిపి ఒకరు చాలు. ప్రత్యేకంగా ఈ పని మీదే ఉండాలి. నెల జీతం ఉండాలి. జిల్లా కార్యక్రమంలోని నిపుణులు నెలకు రెండుసార్లయినా కూర్చొని వాళ్ళ కేసులు వినాలి. డిగ్రీలు చేతబట్టుకొని ఊళ్ళల్లో ఖాళీగా ఉన్న మనవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళలో ఈ పనికి తగిన ఓర్పు ఉన్నవాళ్ళు దొరకరా?

ఇదంతా చెప్పి ఒక నిజం దాస్తే మోసం అవుతుంది. తోడు మనిషి అప్పు తీర్చడు. మిరప ధర పెంచడు. ర్యాంకుల పేరిట పిల్లల్ని పొద్దున్నే లేపి రాత్రి దాకా రుబ్బే చదువును మార్చడు. మా ఇంట్లో అప్పు ఇప్పటికీ ఉంది. ఆ పోరాటాలు వేరే చెయ్యాలి, చెయ్యవలసిందే. కానీ ఆ పోరాటాలు గెలిచేదాకా పిల్లవాడు బతికి ఉండాలి గదా!

మనమేం చెయ్యగలం?

విద్యార్థి సంఘం ఎన్నికల్లో క్యాంటీను, బస్సు పాసు, హాస్టల్ మెస్సు గురించి వాగ్దానాలు విన్నాం. అవీ కావాలి. వాటితోపాటు మూడు విషయాలు సంఘం ముందు పెడుతున్నాను.

ఒకటి: మన కళాశాలలో చదువు మధ్యలో ఆపేసి పోయిన ప్రతివారికీ నెలలోపు ఒక ఫోను, వీలైతే ఒకసారి ఇంటికి పోవటం. "ఎందుకు మానేశావు?" అని నిలదియ్యటానికి పోవద్దు. "ఎట్టా ఉన్నావు?" అని అడగటానికి పోవాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, మన కాళ్ళు చాలు.

రెండు: ఎన్.ఎస్.ఎస్. ప్రత్యేక శిబిరంలో రోడ్లు ఊడ్చే ఏడు రోజుల్లో ఒక్క రోజు, నిపుణుణ్ణి పిలిపించి, వినటం ఎట్లాగో నేర్చుకోవటం. సలహా ఇవ్వకుండా వినటం, విన్నది బయటికి పోనివ్వకుండా ఉండటం, ఎప్పుడు పెద్దల దగ్గరికి పోవాలో తెలుసుకోవటం. ఇవి పుట్టుకతో వచ్చే గుణాలు కావు, నేర్చుకుంటే వచ్చేవి. నేను ఆదివారం ఉపన్యాసాలు చేసినదాన్ని, నా మాట నమ్మండి.

మూడు: తర్ఫీదు పొంది జీతం తీసుకునే తోడు మనిషిని పల్లెలకు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వానికి మన సంఘం తరఫున ఒక మహజరు పంపటం. పూర్వ విద్యార్థులలో డాక్టర్లున్నారు, అధికారులున్నారు, రాజకీయాల్లో ఉన్నవారూ ఉన్నారు. ఈ సంచిక మీ చేతికి వస్తుంది. దయచేసి పక్కన పెట్టెయ్యకండి.

ఇక మా తమ్ముడి సంగతి తెలుసుకోవాలని మీకు ఉండవచ్చు. వాడు 2025లో రెండు పేపర్లూ రాసి గట్టెక్కాడు. మంచి మార్కులేమీ కావు. ఇప్పుడు డిప్లొమాలో చేరాడు. నాన్న ఇప్పటికీ తక్కువే మాట్లాడతాడు, కానీ వాడు ఇంటికొచ్చినప్పుడు "చేనికి వస్తావంట్రా?" అని మాత్రం తప్పకుండా అడుగుతాడు. దూడ పెద్దదైంది. పిన్ని అదే సంచీ భుజాన వేసుకొని అవే వీధులు తిరుగుతున్నది, అదే డబ్బుకు.

మిత్రులారా! మన ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక చావిట్లో, ఒకడు గోడవైపు తిరిగి పడుకొనే ఉన్నాడు. కొన్ని ఇళ్ళలో పడుకున్నది ఆడపిల్ల. వాళ్ళు మన దగ్గరికి రారు, రాలేరు. మంగళవారం మంగళవారం వాళ్ళ గడప దాకా ఒక మనిషి వచ్చే ఏర్పాటు చేయించటం మన బాధ్యత. ఆ మనిషికి తర్ఫీదు, జీతం, గౌరవం ఇప్పించటం కూడా మన బాధ్యతే. అది జరిగిన నాడు "నేటి విద్యార్థులే రేపటి పౌరులు" అన్న మాటకు నేనూ మనస్ఫూర్తిగా చప్పట్లు కొడతాను.